గోడ మీద గ్రహణం

ఈ మధ్య ఎవరి గృహప్రవేశానికి వెళ్లినా హాల్లో ఒక కొత్త రకం పటాలు కనిపిస్తున్నాయి. మీరూ గమనించే ఉంటారు. ఒకప్పుడు సోఫా వెనక గోడకు జలపాతం పోస్టరో, పరుగెత్తే ఏడు గుర్రాల పటమో ఉండేది. ఇప్పుడు అదే చోట పాత కాగితం రంగులో ఆకాశం బొమ్మలు! సున్నాలో సున్నా, అందులో ఇంకో సున్నా, నట్టనడుమ భూమి, చుట్టూ సూర్యచంద్రులు, మూలల్లో రెక్కలున్న బొద్దు పిల్లలు. పక్క పటంలో ఎలుగుబంటి, సింహం, తేలు... వాటి ఒంటినిండా చుక్కలు. గద్వాలలో చూశాను, వనపర్తిలో చూశాను, పోయిన మాఘమాసంలో నాగర్‌కర్నూల్లో మా పెద్దమ్మ మనవడి కొత్తింట్లోనూ చూశాను. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంటీరియర్ అబ్బాయి మూడు పటాలు ఒక సెట్టుగా తగిలించి వెళ్లాడట.

"ఏం బొమ్మలమ్మా ఇవి?" అని ఆ ఇంటి కోడలిని అడిగాను.

"ఏమో అత్తమ్మా, కర్టెన్లకు మ్యాచింగ్ అయితయని పెట్టిండు" అంది.

మ్యాచింగ్ చూడటం తప్పని నేననను. జాకెట్టు ముక్క కోసం నాలుగు షాపులు తిరిగే జాతి మనది. కానీ చీర అయితే ఏ ఊరిదో, ఏ నేతో, జరీ అసలుదో కాదో ఆరా తీయకుండా డబ్బులివ్వం కదా! గద్వాల చీర పట్టుకుంటే ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు అని కళ్లు మూసుకుని చెప్పే ఆడవాళ్లం, ఇంట్లో ఇరవై ఏళ్లు వేలాడబోయే పటం గురించి 'ఏమో' అనడం నాకు నచ్చలేదు. ఆ బొమ్మలంటే నాకు ఇష్టం. కాబట్టే ఈ గొడవ.

ఇంతకీ ఏమిటా బొమ్మలు? చాలావరకు మూడు నాలుగు వందల ఏళ్ల కిందట యూరప్‌లో అచ్చయిన ఖగోళ శాస్త్ర పుస్తకాల్లోని పేజీలు. రాగి రేకు మీద సన్నటి ఉలితో గీతలు చెక్కేవాళ్లు. అచ్చులో తిరగబడుతుంది కాబట్టి బొమ్మంతా, అక్షరాలతో సహా, అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మార్చి చెక్కాలి. ఆ గీతల్లో సిరా నింపి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సులో గట్టిగా నొక్కితే బొమ్మ దిగేది. రంగులు తర్వాత చేత్తో అద్దేవాళ్లు. ఒక్క గీత జారితే ఎంత పని పెరుగుతుందో మగ్గం ముందు కూర్చున్న వాళ్లకు చెప్పక్కర్లేదు.

సున్నాల్లో సున్నాలున్న ఆ రంగుల పటం ఎక్కువగా ఆండ్రియాస్ సెల్లేరియస్ అనే ఆయన పుస్తకంలోది. ఆయన హాలండులోని హోర్న్ అనే ఊళ్లో బడి పంతులు. 1660లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ఆ పుస్తకంలో 29 పెద్ద బొమ్మలున్నాయి. భూమి నడుమ ఉందన్న పాత లెక్క ప్రకారం గీసినవి కొన్ని, సూర్యుడే నడుమ అన్న కోపర్నికస్ లెక్క ప్రకారం గీసినవి కొన్ని, ఈ రెంటికీ మధ్య రాజీ కుదర్చాలని చూసిన టైకో బ్రాహీ లెక్క ప్రకారం మరికొన్ని. అంటే మూడు వాదనలనూ పక్కపక్కన పెట్టి చూపించిన పుస్తకమది. మన ఇళ్లకొచ్చేసరికి ఒకే వాదన వస్తోంది. భూమి నడుమ ఉన్న పటం అందంగా ఉంటుందని అదొక్కటే తెచ్చి తగిలిస్తున్నారు. బడిలో సూర్యుడి చుట్టూ భూమి తిరుగుతుందని చదువుకుని వచ్చిన పిల్ల, సోఫాలో కూర్చుని రోజూ దానికి సరిగ్గా విరుద్ధమైన బొమ్మ చూస్తుంది. పక్కన కోపర్నికస్ పటం కూడా పెట్టండి. అప్పుడు "రెండూ ఎందుకు వేరుగా ఉన్నయమ్మా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న ఇంట్లో పుట్టాలి.

ఇంకో పటం మీకు తప్పకుండా తెలిసే ఉంటుంది. కర్ర పట్టుకున్న ఒక ముసలాయన మోకాళ్ల మీద వంగి, ఆకాశం అంచును దుప్పటి ఎత్తినట్టు ఎత్తి, తల బయటపెట్టి అవతల ఏముందో చూస్తుంటాడు. ఐదారు వందల ఏళ్ల నాటి పురాతన చిత్రమని చెప్పి అమ్ముతుంటారు. అది 1888లో ఫ్లమారియన్ అనే ఫ్రెంచి రచయిత వాతావరణం మీద రాసిన పుస్తకంలో వచ్చింది. మన రైలు బండ్లకన్నా కొత్తది! అయినా నాకు నచ్చుతుంది. మీ ఇష్టం, కొనండి. పాతదని మాత్రం చెప్పకండి.

ఎలుగుబంటి సంగతికి వస్తాను. జర్మనీలో యోహాన్ బాయర్ అనే వకీలు 1603లో అచ్చువేసిన నక్షత్రాల పుస్తకంలో 51 పటాలున్నాయి. అందులో పెద్ద ఎలుగు ఒకటి. దాని తోక చూస్తే నవ్వొస్తుంది. ఇంత పొడుగు తోక ఏ ఎలుగుబంటికైనా ఉంటుందా? మన సప్తర్షి మండలంలో చివరి మూడు నక్షత్రాలను ఎక్కడో ఒకచోట సర్దాలి కదా, తోకలో సర్దారు. మా అమ్మమ్మకు ఋషులూ తెలియదు, ఎలుగూ తెలియదు. నాలుగు చుక్కలు ముసలమ్మ మంచంకోళ్లు, మిగతా ముగ్గురు ఆ మంచం ఎత్తుకుపోవడానికొచ్చిన దొంగలు అని మిద్దె మీద పడుకోబెట్టి చెప్పేది. పెళ్లిలో అరుంధతిని చూపించే చోటూ అదే. ఆ దొంగల వరసలో నడిమివాడి పక్కన నలుసులా కనిపించేదే అరుంధతి.

ఇదే ఏడుగురినీ మన పక్కనే ఎవరో రాతిలో చెక్కారని పరిశోధకులు చెబుతున్నారు. నారాయణపేట జిల్లా కృష్ణ మండలంలో, నది ఒడ్డున ముడుమాల్ అనే ఊరుంది. అక్కడ చేలల్లో మనిషికి రెండింతల ఎత్తు నిలువురాళ్లు నిలబడి ఉంటాయి. మూడు వేల ఏళ్ల కిందటివి. అక్కడి ఒక బండ మీదున్న చిన్న చిన్న గుంతలను కలిపి చూస్తే సప్తర్షి మండలం ఆకారం వస్తుంది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా చేరింది ఆ చోటు. బాయర్ రాగి రేకు కంటే రెండున్నర వేల ఏళ్ల ముందరి చెక్కడం! గద్వాల నుంచి కారు మాట్లాడుకుంటే ఒక్క పూటలో చూసి రావచ్చు. ఆ బండను మంచి ఎండలో, పొద్దుటి పూట ఏటవాలు వెలుగులో ఫొటో తీసి, పెద్దది చేయించి, ఎలుగుబంటి పక్కన తగిలించిన ఇల్లు ఒక్కటీ ఇంతవరకు నాకు కనపడలేదు. ఎవరైనా మొదలుపెడితే బావుండు.

ఆడవాళ్ల పేజీ కాబట్టి ఇంకో రెండు పటాల గురించి తప్పకుండా చెప్పాలి. పోలండులో ఇప్పుడు గ్డాన్స్క్ అని పిలిచే ఊళ్లో హెవెలియస్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఉండేవాడు. ఇంటి కప్పుల మీదే అబ్జర్వేటరీ కట్టుకున్నాడు. 1673లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఒక బొమ్మ ఉంది: మనిషికన్నా పెద్దదైన ఇత్తడి పరికరం, దానికి ఒకవైపు ఆయన, రెండోవైపు ఆయన భార్య ఎలిజబెత్. ఇద్దరూ చెరో నక్షత్రం మీద గురిపెట్టి రెండింటి మధ్య దూరం కొలుస్తున్నారు. ఒక్కరి వల్ల అయ్యే పని కాదది. పదహారేళ్లకు పెళ్లయింది ఆమెకు, అప్పటికి ఆయనకు యాభై దాటాయి. 1679లో ఇల్లూ పరికరాలూ కాలి బూడిదైనా మళ్లీ కట్టుకున్నారు. 1687లో ఆయన పోయాక మిగిలిన లెక్కలన్నీ సరిచూసి, 1,500కు పైగా నక్షత్రాల జాబితాను 1690లో ఆమే అచ్చు వేయించింది. మొగుడు టెలిస్కోపు దగ్గరుంటే పెళ్లాం కాఫీ తెచ్చిచ్చే బొమ్మలు చాలా చూశాం. ఇందులో ఇద్దరి చేతులూ పరికరం మీదే ఉన్నాయి. కొత్త దంపతులకు రాధాకృష్ణుల పటం ఎలాగూ ఎవరో ఒకరిస్తారు. నేను మాత్రం ఈ పటం ఇస్తున్నాను.

(హెవెలియస్ చంద్రుడి పటం చెక్కించిన రాగి రేకును ఆయన పోయిన తర్వాత కరిగించి టీ కాచుకునే కెటిల్ చేశారని ఒక కథ చెబుతారు. నిజమో కాదోగాని, పాత సామాన్లవాడికి అన్నీ వేసేసే ఇళ్లు నాకు గుర్తొస్తాయి.)

రెండోది 'యురేనియాస్ మిర్రర్' అని లండన్‌లో 1824 ప్రాంతంలో వచ్చిన 32 కార్డుల పెట్టె. కార్డు మీద నక్షత్రం ఉన్న ప్రతిచోటా చిల్లు ఉంటుంది. దీపానికి ఎదురుగా పట్టుకుంటే చుక్కలు వెలుగుతాయి. తయారు చేసింది 'ఒక మహిళ' అని ప్రకటించారు. చాలా ఏళ్ల తర్వాత తేలిందేమంటే, ఆ మహిళ రగ్బీ బడిలో పాఠాలు చెప్పే బ్లాక్సమ్ అనే మతగురువు! ఆడవాళ్లు చేసిన పనికి మగవాళ్ల పేరు పడటం మనకు అలవాటే. ఇలా తిరగబడటం అరుదు కదా, ముచ్చటేసింది. ఆ కార్డు ఒకటి ప్రింటు తీసి, నల్ల అట్ట మీద అంటించి, సూదితో చిల్లులు పొడిచి వెనక చిన్న బల్బు పెట్టండి, పిల్లల గదికి ఇంకో అలంకారం అక్కర్లేదు.

ఇక అసలు విషయం. ఈ సెట్లలో అన్నీ ఉంటాయి గాని, గ్రహణం బొమ్మ ఉండదు. ఉన్నా మనవాళ్లు తీసుకోరు. వనపర్తిలో నాకు బాగా తెలిసిన ఒకావిడ, టీచరమ్మ, సంపూర్ణ సూర్యగ్రహణం పటం ఒకటి హాల్లో పెట్టుకుంది. ట్రూవెలో అనే ఫ్రెంచి చిత్రకారుడు అమెరికాలో 1878 గ్రహణం చూసి గీసిన రంగుల బొమ్మ అది. (ఈయనే పట్టు పురుగుల మీద మోజుతో యూరప్ నుంచి ఏవో చిమ్మటలు తెప్పించి పెంచాడు. అవి తప్పించుకుపోయి అమెరికా అడవుల్ని తినేశాయి. పట్టు యావ అంత చెడ్డది!) నల్లటి చంద్రబింబం, చుట్టూ పాలలాంటి వెలుగు, అంచున ఎర్రటి మంటలు. ఎంత బాగుంటుందో. ఆవిడ కోడలికి నెల తప్పింది. అంతే. వియ్యపురాలు వచ్చి చూసి, "కడుపుతోని ఉన్న పిల్ల తిరిగే ఇంట్ల గ్రహణం బొమ్మ పెడ్తరా ఎవరన్నా? తీసెయ్యి వదినె" అంది. పటం గోడవైపు తిరిగిపోయింది.

వియ్యపురాలిని తప్పుపట్టను. ఆమె భయం ఆమెది కాదు, వాళ్లమ్మ దగ్గర్నుంచి వచ్చింది. 1980 ఫిబ్రవరి 16న మన పాలమూరు జిల్లా మీదుగా సంపూర్ణ గ్రహణం పోయింది. దేశదేశాల శాస్త్రవేత్తలు దాన్ని చూడటానికి ఇబ్రహీంపట్నం వైపు జాపాల్ - రంగాపూర్ అబ్జర్వేటరీ దాకా వస్తే, మా అమ్మావాళ్లు తలుపు సందుల్లో పాత గుడ్డలు కుక్కి లోపల కూర్చున్నారట. నీళ్ల బిందెల్లో, ఊరగాయ జాడీల్లో గరికపోచలు. పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టారు, అది పడిపోతే గ్రహణం విడిచినట్టు. ఎంత ముచ్చటగా చెప్పేదో అమ్మ! పెరట్లో ఐదడుగులు వేస్తే పట్టపగలు చుక్కలు కనిపించేవి, అదొక్కటీ చూడలేకపోయిందే అని నాకు ఇప్పటికీ బాధ.

అంతకుముందు ఒక గ్రహణం ఉంది. దాని గురించి మన మూడు ఊళ్లలో ప్రతి ఆడపిల్లకూ తెలియాలని నా కోరిక. 1868 ఆగస్టు 18, మంగళవారం. పంచాంగం ప్రకారం విభవ నామ సంవత్సరం శ్రావణ బహుళ అమావాస్య, అంటే పిల్లల తల్లులు నోచుకునే పొలాల అమావాస్య. ఆ పొద్దున చంద్రుడి నీడ పడమటి నుంచి వచ్చి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... మూడింటినీ కమ్మేసి గుంటూరు, బందరు మీదుగా సముద్రంలోకి పోయింది. ఐదు నిమిషాలకు పైగా చీకటి. అంతసేపు ఉండే గ్రహణాలు చాలా అరుదు. ప్రపంచం నలుమూలల నుంచి దుర్భిణీలు మోసుకుంటూ వచ్చారు. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరులో దిగాడు. ఇంగ్లీషు సైనికాధికారి టెనెంట్ బృందం కూడా గుంటూరులోనే ఉండి ఫొటోలు తీసింది. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పాగ్సన్ బందరులో ఉన్నాడు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి ఎక్కడికొచ్చాడో తెలుసా? మన వనపర్తికి!

రఘునాథాచారి చిన్న మనిషి కాడు. అంతకు ముందటి ఏడాదే, 1867లో, వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే ఒక కొత్త నక్షత్రాన్ని కనిపెట్టాడు. 1872లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలోగా తీసుకుంది. పంచాంగాల లెక్కల్ని కంటికి కనిపించే ఆకాశంతో సరిపోయేలా సవరించాలని పాటుపడ్డాడు. 1874లో శుక్రగ్రహం సూర్యుడి ముందునుంచి దాటినప్పుడు, మామూలు జనం భయపడకుండా అర్థం చేసుకోవాలని చిన్న పుస్తకం రాసి, ఇంగ్లీషులోనే కాకుండా మన దేశభాషల్లోనూ వేయించాడు. అలాంటివాడు సంస్థానం రోజుల్లో వనపర్తి నేల మీద నిలబడి ఆ సూర్యుణ్ణి చూశాడు. ఆ గ్రహణంలో సూర్యుడి అంచు వెలుగును పట్టకంలోంచి చూసినవాళ్లకు కనిపించిన ఒక పసుపుపచ్చ గీతే హీలియం అనే కొత్త పదార్థం ఉందని తెలియడానికి దారితీసింది. భూమి మీద అది దొరికింది మళ్లీ 1895లో! మీ బాబు పుట్టినరోజుకు పైకెగిరే బెలూన్లు తెస్తారే, వాటిలో నింపేది అదే గ్యాసు. మనవాళ్లు తలుపులు వేసుకున్న ఆ పొద్దుటి చీకట్లో, మన నెత్తి మీది సూర్యుడిలో చిక్కింది దాని జాడ.

గ్రహణం పటం ఇంట్లో పెట్టమని నేను పట్టుబట్టడానికి శాస్త్రం మీది గౌరవం ఒక్కటే కారణం కాదు. మన భాషలో 'గ్రహణం మొర్రి' అని ఒక మాట ఉంది. పై పెదవి చీలి పుట్టిన పిల్లలకు పెట్టిన పేరది. పేరులోనే నేరం మోపేశాం. ఎవరి మీద? తల్లి మీద. మా వీధిలో ఒక తల్లి ఉంది. బిడ్డ ఆ పెదవితో పుట్టిన రోజు నుంచి, గ్రహణం నాడు ఆమె వంకాయ కోసిందని ఒకరు, గోరు గిల్లుకుందని ఒకరు, గడపలో నిలబడిందని ఒకరు. "నేను ఏం కొయ్యలేదక్కా, పొద్దంతా పండుకొనే ఉన్న" అని ఏడ్చింది నా దగ్గర. పండుకుందని కూడా తప్పుపట్టేవాళ్లు ఉన్నారని నేనామెకు చెప్పలేదు.

డాక్టర్లు చెప్పేది వినండి. కడుపులో బిడ్డకు పెదవి అతుక్కునేది నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల. అంగుడి అతుక్కునేది ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య. ఆ రోజులకు చాలామంది ఆడవాళ్లకు తాము కడుపుతో ఉన్నట్టే సరిగ్గా తెలియదు! ఏడో నెల కడుపుతో ఉన్న పిల్లను చీకటి గదిలో, మంచినీళ్లయినా ఇవ్వకుండా గంటలకొద్దీ కూర్చోబెడతామే, అప్పటికి ఆ బిడ్డ పెదవి ఏర్పడి నెలలు గడిచిపోయాయి. ఈ లోపం వంశంలో ఉంటే రావచ్చు, పొగ తాగడం వల్ల, తల్లికున్న షుగరు వల్ల, ఫిట్సుకు వాడే కొన్ని మందుల వల్ల రావచ్చు. చంద్రుడి నీడ వల్ల రాదు. ఏ గ్రహణమూ లేని దేశాల్లో, ఏ గ్రహణమూ లేని నెలల్లో కూడా అలాంటి పిల్లలు పుడుతూనే ఉన్నారు. మొదటి ఏడాది లోపలే పెదవికి ఆపరేషన్ చేసి సరిచేస్తారు. కావలసింది పిల్లల సర్జను, వంకాయల విచారణ కాదు.

అత్తలతో కొట్లాటకు దిగమని నేను చెప్పటం లేదు. గ్రహణం పూట ఉపవాసం ఉంటాను, విడిచాక తలస్నానం చేస్తాను అనే పెద్దావిడను నేనెందుకు ఆపాలి? ఆమె నమ్మకం, ఆమె ఒళ్లు. ఎండాకాలంలో నిండు గర్భిణికి నీళ్లు మాన్పించడం దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. గ్రహణం నాడు పాటించాల్సిన నియమం నిజంగా ఒకటుంది: సూర్యుణ్ణి ఉత్త కళ్లతో చూడకూడదు. నల్లకళ్లద్దాలు, ఎక్స్‌రే ఫిల్ములు పనికిరావు, దానికోసమే చేసిన కళ్లద్దాలు కావాలి. ఈ ఒక్క నియమాన్నీ వదిలేసి మిగతా పన్నెండూ పట్టుకున్నాం.

భయం పోగొట్టడానికి బొమ్మను మించిన సాధనం లేదని మూడు వందల ఏళ్ల కిందటే ఒకాయన కనిపెట్టాడు. తోకచుక్క పేరుతో మనకు తెలిసిన ఎడ్మండ్ హేలీ. 1715లో ఇంగ్లండు మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం రాబోతోందని లెక్కగట్టి, చంద్రుడి నీడ ఏ ఏ ఊళ్ల మీదుగా పోతుందో దేశపటం మీద బూడిదరంగు మరకలా చెక్కించి, గ్రహణానికి ముందే అచ్చేసి అమ్మించాడు. ఎందుకు? పగలు ఉన్నట్టుండి చీకటి పడితే జనం అపశకునమనుకుని, రాజుకు కీడని పుకార్లు పుట్టించి బెదిరిపోకూడదని. ఆ మాట పటం కిందే రాశాడు కూడా. చూసినవాళ్లంతా చీకటి ఎంతసేపు ఉందో లెక్కపెట్టి తనకు తెలపమన్నాడు. లెక్క నాలుగు నిమిషాల తేడాతో నిజమైంది. ఒక్క కాగితం ముక్కతో, భయపడాల్సిన జనం చేత గడియారాలు పట్టించాడు! డ్రాయింగ్ రూములో పెట్టడానికి ఇంతకన్నా మంచి పటం నాకు తెలియదు. రంగులుండవు, రెక్కల పిల్లలుండరు, కర్టెన్లకు మ్యాచింగూ కాదు.

గోడవైపు తిరిగిన ఆ వనపర్తి పటం ఏమైందంటారా? కొన్నాళ్లు అలాగే ఉంది. తర్వాత టీచరమ్మ ఒక తెల్లకాగితం మీద '1868లో ఇలాంటి గ్రహణాన్ని చూడటానికి శాస్త్రవేత్త మన వనపర్తికి వచ్చాడు' అని పెద్ద అక్షరాలతో రాసి అంటించి, పటాన్ని వంటింటి దారిలో పెట్టింది. వియ్యపురాలు మళ్లీ వచ్చినప్పుడు నిలబడి చదివింది. "మన ఊరికా? గప్పుడే వచ్చిండ్రా?" అని రెండుసార్లు అడిగిందట. నమ్మకం మారిందని నేను చెప్పను. మొన్నటి గ్రహణానికి కూడా ఆవిడ రోకలి నిలబెట్టింది. కోడలికి మాత్రం గ్లాసుతో మజ్జిగ తనే తెచ్చి ఇచ్చిందని విన్నాను.

సరే, పటాలు ఎలా సంపాదించాలి? సెట్టు కొనాల్సిన పని లేదు. ఈ బొమ్మలన్నీ కాపీరైటు దాటిపోయినవి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ట్రూవెలో బొమ్మల్ని, అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ యురేనియాస్ మిర్రర్ కార్డుల్ని ఇంటర్నెట్టులో అందరికీ ఉచితంగా పెట్టాయి. సెల్లేరియస్, బాయర్, హెవెలియస్, హేలీ పటాలు కూడా వెతికితే దొరుకుతాయి. డిగ్రీ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే పది నిమిషాల పని. పెద్ద సైజు ఫైలే దించుకోమనండి, సెల్‌ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసిస్తే ప్రింటులో గీతలు అలుక్కుపోతాయి. చెక్కిన బొమ్మకు ప్రాణమంతా ఆ సన్నగీతల్లోనే ఉంది. ఫ్లెక్సీ మీద వద్దు. మెరుపు కాగితం వద్దు, లామినేషన్ అసలే వద్దు. ట్యూబులైటు దాని మీద పడి బొమ్మకు బదులు మన ముఖమే కనిపిస్తుంది. మెరవని మందపాటి కాగితం మీద ఫొటో స్టూడియోలో ప్రింటు తీయించండి.

పటాలు కట్టే షాపతను దేవుడి పటానికి పెట్టే బంగారు పూల ఫ్రేము చూపిస్తాడు. అది కాదని సన్నటి నల్లచెక్కో, టేకు రంగుదో అడగండి. అద్దానికీ బొమ్మకూ నడుమ తెల్లటి మందపు అట్ట చుట్టూ వేయమని చెప్పండి, కాగితం అద్దానికి అంటుకోదు. వానాకాలం చెమ్మ దిగే గోడకూ, పడమటి ఎండ తగిలే గోడకూ వేలాడదీయకండి. ఒకటి బూజు పట్టిస్తుంది, ఇంకొకటి రంగు తినేస్తుంది. పటం కింద చిన్న చీటీ మీద ఎవరు గీశారు, ఏ ఊళ్లో, ఏ సంవత్సరం అని తెలుగులో రాసి అంటించండి. గుంటూరులో 1868లో తీసిన గ్రహణం ఫొటో దొరికితే, దాని కింద మీ ఊరి పేరు కూడా రాసుకునే హక్కు మనకుంది. ఆ నీడ ముందు మన మీదుగానే కదా గుంటూరు చేరింది!

మేకు కొట్టేది మామూలుగా మగవాళ్ల కంటి ఎత్తుకు. పిల్లలున్న ఇల్లయితే ఇంకో రెండడుగులు కిందికి కొట్టమనండి.